ఉత్తరేణి ఆనవాళ్ళు

వినాయక చవితి ముందు రోజు సాయంత్రం హైదరాబాదులో ఏ కూడలికి వెళ్ళినా పత్రి కట్టలు కనిపిస్తాయి. మొన్న చవితికి ఒక కట్ట కొని తెచ్చి, వ్రతకల్పం పుస్తకం పక్కన పెట్టుకుని, ఏ ఆకు ఏమిటో చూద్దామని కూర్చున్నాను. మారేడు, గరిక, జిల్లేడు, ఉమ్మెత్త, రేగు, మామిడి వెంటనే తేలిపోయాయి. ఒక రెమ్మ దగ్గర మాత్రం ఆగిపోయాను. ఆకు అంచులకు రంపపు పళ్ళున్నాయి. చివర సన్నటి పొడుగాటి కంకి, దానికి అక్కడక్కడా నీలం పూలు. మర్నాడు పొద్దున్నే మళ్ళీ ఆ కూడలికి వెళ్తే అమ్మిన ఆవిడ అక్కడే ఉంది. చూపించి అడిగాను. "ఉత్తరేణి సార్, కంకి కనబడ్తలేదా?" అంది.

కంకి కనబడుతూనే ఉంది. కానీ అది ఉత్తరేణి కాదు. అమెరికా ఖండం నుంచి వచ్చి మన రోడ్ల పక్కన స్థిరపడిపోయిన వేరే మొక్క. మనవాళ్ళు దాన్ని సీమ ఉత్తరేణి అంటారు. చూపుకి దగ్గరే, కుటుంబం వేరు. ఆవిడ మోసం చేసిందని నేననుకోవడం లేదు. ఊరి బయట ఎక్కడో తెల్లవారకుండానే కోసుకొచ్చి ఉంటుంది, ఆవిడకు ఎవరో కంకి ఒక్కటే గుర్తుగా చెప్పి ఉంటారు. పూజకైతే ఆ రెమ్మ వల్ల వచ్చిన నష్టమేమీ లేదు. పత్రి దొరక్కపోతే అక్షతలు వేయమంటారు కదా.

నాకు గుచ్చుకున్న సంగతి ఇంకొకటి. ఆ వారంలోనే నేను మూలికా వైద్యం మీద తెలుగులో వచ్చిన చిన్న పుస్తకాలు ఆరేడు వరసగా చదివాను. అన్నిటిలోనూ ఉత్తరేణి ఉంది. అన్నిటిలోనూ ఆకు రసం తాగమనో, గింజలు నూరి మింగమనో, వేరు అరగదీసి పట్టించమనో ఉంది. ఒక్కదానిలో కూడా ఉత్తరేణి ఎలా ఉంటుందో లేదు. కూడలిలో ఆవిడ చెప్పిన "కంకి కనబడ్తలేదా" అన్నంత మాత్రం ఆనవాలు కూడా లేదు. ఈ వ్యాసం ఆ లోటు గురించి. దీన్ని వైద్యం సంగతిగా కాకుండా రచన సంగతిగా చూడాలని నా ఉద్దేశం. వైద్యం మంచిచెడ్డలు తేల్చే అర్హత నాకు లేదు. ఒక పేజీ తన పని తాను చేస్తోందా లేదా అన్నది మాత్రం ఏ పాఠకుడైనా అడగొచ్చు.

ముందు వ్రతకల్పం సంగతి చూద్దాం. తెలుగు ఇళ్ళల్లో అందరూ ఏడాదికొకసారైనా విప్పే మొక్కల జాబితా అదొక్కటే. ఇరవై ఒక్క పత్రాలు. మామూలుగా అచ్చయ్యే వరసలో అపామార్గం ఏడోది. కొన్ని ప్రతుల్లో పక్కనే "ఉత్తరేణి" అని తెలుగు పేరు కూడా ఉంటుంది. అంతకు మించి ఒక్క ముక్క ఉండదు. అది ఆ పుస్తకం తప్పు కాదు. ఆకులు అప్పటికే పళ్ళెంలో ఉన్నాయన్న నమ్మకంతో రాసిన పుస్తకం అది. చవితి పొద్దున పిల్లల్ని దొడ్లోకీ కంచెల్లోకీ తరిమి, "అది కాదురా, దాని పక్కది" అని చెప్పే పెద్దవాళ్ళు ఇంట్లో ఉన్నారని అనుకుంది. మొక్కను గుర్తుపట్టే పని మనుషులది, పేరు గుర్తుంచుకునే పని పుస్తకానిది. ఆ ఒప్పందం చాలాకాలం బాగానే నడిచింది.

అయితే పేరొక్కటే మిగిలితే ఏమవుతుందో ఆ జాబితాలోనే ఇంకోచోట తెలుస్తుంది. అందులో దేవదారు ఉంది. హిమాలయాల దేవదారు మన పెరళ్ళలో పెరిగే చెట్టు కాదు. మన కొండల్లో దేవదారు అని పిలిచే చిన్న చెట్టు వేరే ఉంది, దానికీ దీనికీ చుట్టరికం లేదు. ఉత్తరాది పేరు దక్షిణానికి వచ్చి, ఇక్కడ దొరికే ఇంకో చెట్టు మీద కూర్చుంది. పూజలో ఇది సర్దుబాటు. మందులో ఇదే పొరపాటు.

మరి మొక్కను మాటల్లో పట్టుకోవడం మన పాతవాళ్ళకు చేతకాలేదా అంటే, బ్రహ్మాండంగా చేతనైంది. అది వర్ణనల్లో కాదు, పర్యాయపదాల్లో ఉంది. అమరకోశం రెండో కాండలో వనౌషధి వర్గం ఉంది. అక్కడ అపామార్గానికి ఖరమంజరి, శైఖరిక, మయూరక, కిణిహి వంటి పేర్లు ఇచ్చాడు. భావప్రకాశలో అధశ్శల్య, దుర్గ్రహ అన్నవి కూడా చేరాయి. వైద్యగ్రంథాలలో ప్రత్యక్పుష్పి అన్న పేరూ ఉంది. చిన్నప్పుడు బడిలో వీటిని వల్లె వేసినవాళ్ళు చాలామంది పద్యం పాదం నిండటానికి పోగేసిన పేర్లనే అనుకుని ఉంటారు. నేనూ అలాగే అనుకున్నాను. ఒకసారి మొక్క పక్కన నిలబడి చదివితే తప్ప వాటి పని తెలియదు.

వానలు పడ్డాక ఏ కంచె పక్కకైనా వెళ్ళండి. ఊరి చెరువుగట్టు, రైలుపట్టాల పక్కన, పాడుబడ్డ ప్రహరీ వెంబడి, ఎక్కడైనా సరే. నడుమెత్తు వరకు పెరిగే మొక్క. కాండం గుండ్రంగా కాక పలకలు పలకలుగా ఉంటుంది. కణుపుల దగ్గర కాస్త ఉబ్బి ఉంటుంది. ప్రతి కణుపు దగ్గరా రెండు ఆకులు ఎదురెదురుగా వస్తాయి. ఆకు అంచు నున్నగా ఉంటుంది, పళ్ళుండవు. చివరికి వచ్చేసరికి కొమ్మ పొడవాటి కంకి అవుతుంది, జానెడో మూరెడో. ఇదే శిఖరం. శైఖరిక అన్న పేరు ఇందుకే వచ్చిందంటారు. కంకి మీద పూలు చిన్నవి, ఆకుపచ్చా తెలుపూ కలిసిన రంగు. ఇప్పుడు కంకిని పైనుంచి కిందికి చూడండి. కొసన మొగ్గలు పైకి నిక్కి ఉంటాయి. విచ్చిన పూలు పక్కకు చాపుకుని ఉంటాయి. కిందున్న కాయలు మాత్రం తల కిందికి వాల్చి, కాడకు అతుక్కున్నట్టు ఉంటాయి. ఒకే కంకి మీద మూడు దశలూ ఒకేసారి కనిపిస్తాయి. వెనక్కి తిరిగిన పువ్వు కలది, అంటే ప్రత్యక్పుష్పి. కాయ పక్కన ముల్లులాంటి మొనలుంటాయి, అవీ కిందికే చూస్తాయి. ముల్లు కిందికి ఉన్నది, అంటే అధశ్శల్య. కంకిని పైనుంచి కిందికి దువ్వండి, పెద్దగా తెలియదు. కింద నుంచి పైకి దువ్వండి, వేళ్ళకు గుచ్చుకుంటుంది. గరుకు కంకి, అంటే ఖరమంజరి. చేత్తో పట్టుకోబోతే పట్టు ఇవ్వదు, దుర్గ్రహ.

ఇన్ని పేర్లు కలిస్తే ఒక ఆనవాలు పత్రం అవుతుంది. సీమ ఉత్తరేణి ఈ పరీక్షలో మొదటి మెట్టు మీదే పడిపోతుంది. దాని పువ్వు నీలం, కంకి కాడలో గుచ్చినట్టు ఉంటుంది, వెనక్కి తిరగదు. ఆకు అంచుకు పళ్ళున్నాయి. బట్టకు అంటుకోదు. కూడలిలో ఆవిడకు ఎవరైనా "ప్రత్యక్పుష్పి" అన్న ఒక్క మాట అర్థంతో సహా చెప్పి ఉంటే ఆ రెమ్మ కట్టలోకి వచ్చేదే కాదు.

ఇంకో సంగతి నన్ను చాలా ఆశ్చర్యపరిచింది. 1753లో లినేయస్ ఈ మొక్కకు పెట్టిన శాస్త్రనామం అకిరాంథస్ ఆస్పెరా. మొదటి మాట గ్రీకులోంచి వచ్చింది, పొట్టులాంటి పువ్వు అని. రెండోది లాటిన్, గరుకైనది అని. స్వీడన్‌లో కూర్చున్న మనిషికి ఖరమంజరి అన్న పేరు తెలిసే అవకాశం తక్కువ. అయినా ఇద్దరి వేళ్ళకూ తగిలింది ఒకటే గరుకు. మొక్కకు పేరు పెట్టినవాళ్ళు మొక్కను ముట్టుకున్నారనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

ఇక్కడే ఆగిపోతే పాతదంతా బంగారం అనే రకం వ్యాసం అవుతుంది. అలా లేదు. అదే అమరకోశంలో ఈ మొక్కకు ధామార్గవ అన్న పేరు కూడా ఉంది. చరకసంహిత కల్పస్థానంలో ధామార్గవం మీద ఏకంగా ఒక అధ్యాయమే ఉంది. కాని అక్కడ ఆ మాటకు అర్థం ఉత్తరేణి కాదు, బీర జాతి తీగ. వాంతి చేయించడానికి వాడే మందు. కంచెలో గరుకు కంకి మొక్క ఎక్కడ, కంచె మీద పాకే బీరతీగ ఎక్కడ! అమరంలో ఈ మొక్కకే చెప్పిన ప్రత్యక్పర్ణి అన్న పేరు, ధామార్గవ అన్న పేరు భావప్రకాశకు వచ్చేసరికి ఎర్ర ఉత్తరేణి పద్దులో పడ్డాయి. చరకంలోనే సూత్రస్థానం రెండో అధ్యాయం పేరు అపామార్గతండులీయం. మరి కొన్ని అధ్యాయాల తర్వాత, ఏ పనికి ఏది శ్రేష్ఠమో చెప్పే జాబితాలో తల భారం దించే నస్యాలకు ఇదే మేలైనదంటూ ఇంకో పేరుతో, ప్రత్యక్పుష్పి పేరుతో చెప్పాడు. పువ్వు తిరగడం చూడనివాడు రెండూ వేర్వేరు మందులనుకుంటాడు. తండులీయం అంటే తోటకూరకు కూడా సంస్కృతంలో పేరే. ఆ అధ్యాయం పేరులో ఉన్నది మాత్రం ఉత్తరేణి గింజ. ఈ రెంటికీ నిజంగానే చుట్టరికం ఉంది, ఉత్తరేణి తోటకూర కుటుంబంలోదే. కాని అది వృక్షశాస్త్రం చెప్పిన మాట, ఆ అధ్యాయం పేరుకు దానితో పని లేదు.

అంటే పర్యాయపదం దారి చూపుతుంది, దారి తప్పిస్తుంది కూడా. ఈ సంగతి చరకుడికి తెలుసు. మందుమొక్కల పేర్లూ రూపాలూ మేకలు కాసేవాళ్ళకీ, గొర్రెలు కాసేవాళ్ళకీ, పశువులు కాసేవాళ్ళకీ, అడవుల్లో ఉండేవాళ్ళకీ తెలుస్తాయనీ, పేరూ రూపమూ తెలిసినంత మాత్రాన వాడకం తెలిసినట్టు కాదనీ మొదటి అధ్యాయంలోనే చెప్పుకున్నాడు. ఈ మాటలో రెండు మెట్లున్నాయి. ఒకటి గుర్తుపట్టడం, రెండు వాడటం. మొదటి మెట్టుకు గురువు మేకల కాపరి. రెండో మెట్టుకు గురువు వైద్యుడు. శ్లోకంలోని పేర్లు ఈ ఇద్దరి మధ్యా జ్ఞాపకాన్ని నిలిపే ముడులు మాత్రమే.

తెలుగు దేశంలో ఆ మొదటి మెట్టును కాగితం మీదికి ఎక్కించే ప్రయత్నాలు లేకపోలేదు. సామర్లకోటలో ఉండి పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్ కోరమండల్ తీరపు మొక్కల మీద వేసిన పెద్ద సంపుటాల్లో మనవాళ్ళు పలికే పేర్లను కూడా ఎక్కించాడు. ఇక్కడి చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు వేయించాడు. ఆ తర్వాత వాల్టర్ ఇలియట్ 1859లో 'ఫ్లోరా ఆంధ్రికా' వేశాడు. ఉత్తర సర్కారు జిల్లాల్లో మొక్కలకు వాడే తెలుగు పేర్లను శాస్త్రనామాలతో జోడించిన జాబితా అది. చదవడానికి పరమ పొడిగా ఉంటుంది. కాని దాని వెనక ఉన్న ప్రశ్న చాలా మంచిది: ఈ పేరుతో ఇక్కడి జనం దేన్ని పిలుస్తున్నారు? వ్రతకల్పం అడగని ప్రశ్న, నిఘంటువులు అడగని ప్రశ్న. మన నిఘంటువుల్లో ఉత్తరేణి అంటే అపామార్గము, అపామార్గము అంటే ఉత్తరేణి. మరీ దయ తలిస్తే "ఒకానొక మొక్క". రెండు గదుల మధ్య తలుపు తీస్తూ మూస్తూ ఉండటమే తప్ప బయటికి దారి లేదు.

ఇక ఆ ఆరేడు చిన్న పుస్తకాల దగ్గరికి వస్తాను. వీటిని తేలిగ్గా తీసేయడం నాకిష్టం లేదు. మన భాషలో ఎక్కువగా అమ్ముడయ్యే వచన పుస్తకాల్లో ఇవీ ఉంటాయి. బస్టాండు పుస్తకాల కొట్టులో నవల దొరక్కపోయినా ఇవి దొరుకుతాయి. వీటి వచనంలో ఒక అందం కూడా ఉంది. "చిటికెడు", "ఉసిరికాయంత", "పరగడుపున", "కాలే కాలకుండా", "మూడు పూటలా" వంటి మాటల్లో వంటింటి కొలతా, అమ్మమ్మల గొంతూ వినిపిస్తాయి. అక్కడక్కడా వాక్యం అచ్చంగా మనిషి చెబుతున్నట్టే ఉంటుంది. ఆ మేరకు ఇవి మన వచన సాహిత్యంలో భాగమే. అందుకే విమర్శ కూడా వీటిని పట్టించుకోవాలంటున్నాను.

నా మొదటి అభ్యంతరం చెప్పేశాను. మొక్క లేదు, ఉపయోగాలు మాత్రమే ఉన్నాయి. ఒకటి రెంటిలో బొమ్మ ఉంది కానీ, ఆ నలుపుతెలుపు అచ్చులో అది ఉత్తరేణో గోంగూరో దేవుడికే తెలియాలి. పైగా బొమ్మలో ఆకులే ఉన్నాయి, కంకి లేదు. ఆకును బట్టి ఉత్తరేణిని పోల్చడం చాలా కష్టం. అలాంటి ఆకులు కంచెలో ఇంకో పదింటికి ఉంటాయి. గుర్తంతా కంకిలోనే ఉంది. రచయిత మొక్కను చూసి రాయలేదని ఆ బొమ్మే చెప్పేస్తుంది.

రెండోది, స్వరం. ఈ పుస్తకాల్లో అన్ని వాక్యాలూ ఒకే ఎత్తులో ఉంటాయి. ఉత్తరేణి పుల్లతో పళ్ళు తోముకుంటే చిగుళ్ళు గట్టిపడతాయి అన్నది ఒక వాక్యం. తేలు కుట్టినచోట ఆకు నూరి కట్టమన్నది తర్వాతి వాక్యం. కుక్క కరిస్తే ఆకు రసం తాగమన్నది దాని తర్వాతిది. మూడూ ఒకే గొంతుతో, ఒకే ధీమాతో. పళ్ళపుల్ల సంగతి సరే, తరతరాలుగా వాడుతున్నారు, పని చేయకపోయినా పోయేదేం లేదు. కుక్క కాటు అలా కాదు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం. కరిచిన వెంటనే గాయాన్ని సబ్బుతో బాగా కడిగి, ఆలస్యం చేయకుండా టీకా వేయించుకోవడమే దారి. ఆ పుస్తకం పేజీ మీద నమ్మకంతో రెండు రోజులు ఆగినవాడి సంగతేమిటి? పాఠకుడికి ఏ వాక్యం తేలికదో ఏ వాక్యం ప్రాణం మీదిదో తెలియకుండా రాయడం శైలి దోషం మాత్రమే కాదు. శైలి దోషం మనిషిని చంపగల చోటు సాహిత్యంలో ఎక్కువ లేదు. ఇది అలాంటి చోటు.

మూడోది, సందర్భం తెగిపోవడం. ఉత్తరేణి గింజల్ని బియ్యంలా దంచి పాలతో పాయసం వండుకుని తింటే వారం రోజులు ఆకలి వేయదని ఈ పుస్తకాల్లో చాలా ఇష్టంగా రాస్తారు. కొత్తగా వచ్చినవాటిలో అయితే ఇది లావు తగ్గే చిట్కా అయిపోయింది. దీనికి మూలం చరకంలోని ఆ అపామార్గతండులీయంలోనే ఉంది. అక్కడ జబ్బుల్ని బట్టి రకరకాల గంజిలు చెబుతూ, ఆకలిని అణచే గంజి కూడా ఒకటి చెప్పాడు. అందులో అపామార్గం గింజలు, పాలే కాదు, ఉడుము మాంసం రసం కూడా ఉంది. ఆ గంజి మితిమీరిన ఆకలి జబ్బుగా మారినవాడి కోసమని వైద్యులు చెప్పుకుంటారు. మన పుస్తకం అందులోంచి జబ్బును తీసేసింది, వైద్యుణ్ణి తీసేసింది, ఉడుమును మర్యాదగా పక్కన పెట్టింది. మిగిలిన పాయసాన్ని పదహారేళ్ళ పిల్ల చేతికిచ్చింది.

నాలుగోది, చెప్పకుండా వదిలేసినది. ఈ మొక్క వేరుకు కాన్పు సులువు చేయడానికి వాడిన చరిత్ర మన వైద్యంలోనూ పల్లెల్లోనూ ఉంది. కడుపు పోగొట్టడానికి వాడిన చరిత్రా ఉంది. మంత్రసానులకు ఈ రెండూ తెలుసు. కాబట్టే గర్భిణి దగ్గరికి దీన్ని రానిచ్చేవాళ్ళు కాదు. నేను చదివిన పుస్తకాల్లో ఒకటి ఉత్తరేణిని "ఏ వయసు వారైనా నిర్భయంగా వాడదగినది" అన్న ధోరణిలో మెచ్చుకుంది. మంత్రసాని నోట ఉన్న హెచ్చరిక అచ్చులోకి రాలేదు. సంప్రదాయాన్ని కాపాడుతున్నామని ముందుమాటలో రాసుకున్న పుస్తకమే సంప్రదాయంలోని జాగ్రత్తను జారవిడిచింది.

దీనికి సమాధానంగా ఒక మాట వినిపిస్తుంది: "పాత పుస్తకాల్లో మాత్రం మొక్క వర్ణన ఎక్కడుంది? అందరికీ తెలిసినదాన్ని మళ్ళీ రాయడమెందుకు?" న్యాయమైన మాటే. పాత పుస్తకం పక్కన మనిషి ఉన్నాడు. ఇప్పటి పుస్తకం పక్కన ఎవరూ లేరు. కూకట్‌పల్లిలో అపార్టుమెంటు నాలుగో అంతస్తులోనో, డాలస్‌లోనో కూర్చుని చదివేవాళ్ళకు కంచే లేదు, కంచె గురించి చెప్పే నోరూ లేదు. పాఠకుడు మారినప్పుడు పుస్తకం కూడా మారాలి. వ్రతకల్పానికి ఇచ్చిన మినహాయింపు వీటికి ఇవ్వలేను. అది ఆకును దేవుడి పాదాల దగ్గర పెట్టమంటుంది. ఇవి మింగమంటాయి.

అలాగని ఉత్తరేణి గురించి నమ్మదగినదేమీ లేదనుకుంటే అదీ తప్పే. ఎండిన మొక్కను కాల్చి, ఆ బూడిదను నీళ్ళలో కలిపి వడగట్టి, ఆ నీటిని ఇగిరిస్తే మిగిలే క్షారం దీని అసలు బలం. ఈ బూడిదతో బట్టలు ఉతికేవాళ్ళు. అపామార్గం అన్న మాటకు అర్థమే తుడిచేసేది, కడిగేసేది అని. అథర్వవేదంలో దీన్ని ఉద్దేశించిన సూక్తాలున్నాయి, పాపాన్నీ కీడునూ తుడిచేయమని. నరక చతుర్దశి తలంటికి ముందు ఉత్తరేణి కొమ్మను తల చుట్టూ తిప్పే ఆచారం ఇంకా కొన్ని ఇళ్ళల్లో ఉంది. బట్ట మురికి నుంచి నరకం భయం దాకా అన్నిటికీ ఒకటే క్రియాపదం. ఆ క్షారాన్నే, బొమ్మజెముడు లాంటి స్నుహి మొక్క పాలతోనూ పసుపుతోనూ కలిపి దారానికి ఇరవై ఒక్క పూతలు పూస్తే క్షారసూత్రం అవుతుంది. భగందరానికి వాడతారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో దీన్ని మళ్ళీ వాడకంలోకి తెచ్చారు. భారత వైద్య పరిశోధన మండలి కొన్ని ఆసుపత్రుల్లో మామూలు శస్త్రచికిత్సతో పోల్చి చూసి 1991లో ఫలితాలు ప్రకటించింది. దారంతో మానడానికి దాదాపు ఎనిమిది వారాలు పట్టింది, కత్తితో నాలుగు. కాని జబ్బు తిరగబెట్టినది దారంతో నూటికి నలుగురికి, కత్తితో నూటికి పదకొండు మందికి.

ఈ లెక్క నాకెందుకు నచ్చిందంటే, ఇందులో లాభమూ నష్టమూ పక్కపక్కనే ఉన్నాయి. రెట్టింపు కాలం పడుతుంది అని కూడా చెప్పింది. మన చిన్న పుస్తకాల్లో ఉత్తరేణి ఒక్కసారైనా ఆలస్యం చేయదు, ఒక్కసారైనా ఓడిపోదు. ఓడిపోని కథానాయకుణ్ణి నవలలో నమ్మని పాఠకుడు మందుల పుస్తకంలో ఎందుకు నమ్ముతున్నాడో ఆలోచించాలి.

ఉత్తరేణి మీద మంచి పేజీ ఎలా ఉండాలి? ఊరికే తిట్టి వదిలేయడం బాగుండదు కాబట్టి ప్రయత్నిస్తాను. ముందు చోటూ కాలమూ చెప్పాలి: వానాకాలంలో, కంచెల్లో, గట్ల మీద. తర్వాత చేతికి తెలిసే గుర్తు: కంకిని కింద నుంచి పైకి దువ్వితే గరుకు. తర్వాత కంటికి తెలిసే గుర్తు: వెనక్కి వాలిన కాయలు, ఎదురెదురు ఆకులు, నున్నటి అంచు. తర్వాత తప్పక చెప్పాల్సినది, ఏది కాదో: నీలం పూలుంటే కాదు, ఆకుకు పళ్ళుంటే కాదు, గుండ్రటి ముళ్ళ ఉండలు బట్టకు అంటుకుంటే అది కూడా వేరే మొక్క. తర్వాత వాడకాలు, మూడు వరసలుగా. ఇంట్లో చేసుకునేవి ఒకటి, వైద్యుడి చేతిలో మాత్రమే ఉండాల్సినవి రెండు, వెనకటికి చేసేవాళ్ళు ఇప్పుడు చేయకూడనివి మూడు. కుక్క కాటు మూడో వరసలోకి వెళ్తుంది. గర్భిణుల మాట వీటన్నిటికన్నా పైన, పెద్ద అక్షరాల్లో. ఇంతా కలిపి ఒక పేజీ దాటదు. పాత పర్యాయపదాల్ని అర్థాలతో సహా చేరిస్తే ఒకటిన్నర. ఆ పుస్తకాల రచయితలకు ఆ చోటు లేక కాదు. ఉత్తరేణి ఉపయోగాలకు వాళ్ళు నాలుగేసి పేజీలు ఇచ్చారు.

చవితి అయిన ఆదివారం పిల్లల్ని తీసుకుని ఊరి బయట చెరువుగట్టు మీదికి వెళ్ళాను, ఉత్తరేణి చూపిద్దామని. పావుగంట వెతికినా నాకు కనబడలేదు. అన్నీ సీమ ఉత్తరేణులే. గట్టు మీద గేదెలు కాస్తున్న పెద్దాయన్ని అడిగితే, నా వంక కాకుండా నా కాళ్ళ వంక చూసి నవ్వాడు. "నీ పాంటుకే ఉంది గదా సారూ" అన్నాడు. వంగి చూస్తే మోకాళ్ళ దాకా గింజలు. మేం దాన్ని దాటుకునే వచ్చాం. మా చిన్నది గట్టు మీద కూర్చుని తన మేజోళ్ళ నుంచి ఒక్కొక్కటే పీకుతూ, "ఇవి ఇటు లాగితే రావట్లేదు, అటు లాగితే వస్తున్నాయి" అంది. మళ్ళీ చెప్పమన్నాను.